నాగసంద్ర ఐకియా: కొట్టు కొలత వేరు, ఇంటి కొలత వేరు

బెంగళూరులో తుమకూరు రోడ్డు మీద, నాగసంద్ర మెట్రో స్టేషన్ పక్కన ఉన్న ఐకియా కొట్టు 2022 జూన్ 22న తెరుచుకుంది. 12 ఎకరాలకు పైబడిన స్థలం, 4,60,000 చదరపు అడుగుల భవనం, 7,000కు పైగా రకాల సామాన్లు, వెయ్యిమంది ఒకేసారి కూర్చుని తినగలిగే భోజనశాల అని అప్పట్లో పత్రికలు రాశాయి. తెరిచిన మొదటి వారాంతంలో లోపలికి వెళ్ళాలంటే మూడు గంటలు వేచి ఉండాలని కంపెనీయే ప్రకటించవలసి వచ్చింది. హైదరాబాదు హైటెక్ సిటీలోని కొట్టు అంతకు నాలుగేళ్ళ ముందు, 2018 ఆగస్టులో, మొదలైంది కాబట్టి ఐకియా అంటే ఏమిటో తెలుగువారికి చెప్పవలసిన పని లేదు. ఇంత పెద్ద కొట్టు ఎవరి ఇంటిని మనసులో పెట్టుకుని కట్టిందన్నదే నాకు ఆసక్తి కలిగించిన ప్రశ్న. అందువల్ల ఈ సమీక్షలో వస్తువుల మంచిచెడ్డలతో పాటు వాటిని పెట్టుకునే చోటు గురించి కూడా కొంచెం ఎక్కువగానే రాస్తున్నాను.

ముందు కొలతలు చూద్దాం. పెద్ద కొట్టు అనగానే మనకు గుర్తుకొచ్చేది అమెరికా. అక్కడి వాల్‌మార్ట్ సూపర్‌సెంటర్ సగటున 1,80,000 చదరపు అడుగుల దగ్గర ఉంటుంది, కాస్ట్‌కో గిడ్డంగి 1,50,000 చదరపు అడుగులకు కొంచెం తక్కువ. అంటే నాగసంద్ర కొట్టు ఒక సగటు సూపర్‌సెంటర్‌కు రెండున్నర రెట్లు. ఐకియా స్వీడన్ కంపెనీయే అయినా, ఊరి అంచున విశాలమైన స్థలం తీసుకుని, చుట్టూ కార్లు నిలుపుకునే జాగా వదిలి, వచ్చినవారు సగం రోజు అక్కడే గడిపేలా ఏర్పాటు చేసే పద్ధతి యుద్ధానంతర అమెరికా శివార్లలో బాగా పండిన పద్ధతి. వాల్‌మార్ట్, టార్గెట్, కేమార్ట్ మూడింటి మొదటి కొట్లూ 1962 అనే ఒకే సంవత్సరంలో తెరుచుకోవడం వెనుక అప్పటికే పరుచుకుంటున్న హైవేలు, సొంత కార్లు, శివారు ఇళ్ళు ఉన్నాయి. సభ్యత్వ రుసుము తీసుకుని గిడ్డంగిలోనే సరుకు అమ్మే పద్ధతిని 1976లో శాన్ డియేగోలో సోల్ ప్రైస్ ఒక పాత విమానాల షెడ్డులో మొదలుపెట్టాడు. కాస్ట్‌కో 1983లో సియాటిల్‌లో వచ్చింది, పదేళ్ళ తర్వాత ఆ రెండు కంపెనీలూ కలిసిపోయాయి.

మన నగరానికి ఈ కథతో ఒక వింత చుట్టరికం ఉంది. టార్గెట్, లోవ్స్ కంపెనీల సాంకేతిక కార్యాలయాలు మాన్యతా టెక్ పార్కులో ఉన్నాయి, వాల్‌మార్ట్‌కు 2018 నుంచి బెంగళూరు ఫ్లిప్‌కార్ట్‌లో పెద్ద వాటా ఉంది. ఆ కొట్ల ధరల లెక్కలు, సరుకు నిల్వల లెక్కలు రాసేవారిలో మన తెలుగువారు లెక్కలేనంతమంది. అయినా ఇక్కడ టార్గెట్ కొట్టుకు వెళ్ళి ఒక దువ్వెన కొనడం ఎవరికీ సాధ్యం కాదు. రకరకాల బ్రాండ్లు కలిపి అమ్మే విదేశీ కొట్లకు 2012లో 51 శాతం వరకు అనుమతి వచ్చినా, రాష్ట్రాల అంగీకారం మొదలుకొని ఎన్నో షరతులు ఉండడం వల్ల ఆ పెద్ద కంపెనీలు ముందుకు రాలేదు. తన బ్రాండు సరుకు మాత్రమే అమ్మే కంపెనీకి నూరు శాతం పెట్టుబడికి వీలు ఉండడంతో ఐకియా రాగలిగింది. కాబట్టి అమెరికా తరహా మహా కొట్టు ఎలా పనిచేస్తుందో బెంగళూరులో అనుభవపూర్వకంగా తెలుసుకోవాలంటే మనకు దగ్గరగా ఉన్నది ఈ స్వీడిష్ కొట్టే.

లోపలి దారి గురించి. నేల మీద బాణాలు ఉంటాయి. ముందు సర్ది పెట్టిన గదుల నమూనాలు, తర్వాత గిన్నెలు, దుప్పట్లు, దీపాలు వంటి చిన్న సామాన్ల విభాగం, ఆ తర్వాత అట్టపెట్టెలు పేర్చిన గిడ్డంగి, చివరన బిల్లు కౌంటర్లు. ఒక్క గ్లాసు కోసం వచ్చినవారు కూడా ముందు ఎవరివీ కాని పడకగదులన్నీ చుట్టి రావాలి. అడ్డదారులు ఉన్నాయి గాని, వాటిని వెతుక్కునేవారికే కనిపిస్తాయి. అమెరికాలో మొట్టమొదటి మూసిన మాల్‌ను, అంటే 1956లో మినెసోటాలో తెరిచిన సౌత్‌డేల్‌ను, రూపొందించిన విక్టర్ గ్రూయెన్ పేరు మీద వాస్తుశిల్పులు 'గ్రూయెన్ ట్రాన్స్‌ఫర్' అనే మాట వాడతారు: ఏదో ఒకటి కొనాలని వచ్చిన మనిషి తాను వచ్చిన పని మరచి ఊరికే చూస్తూ, తోచింది కొంటూ తిరగడం మొదలుపెట్టే క్షణానికి అది పేరు. పాపం, గ్రూయెన్ తన ముసలితనంలో ఆ మాల్స్‌తో తనకు సంబంధమే లేదని చెప్పుకున్నాడు. ఐకియా బాణాలు ఆ క్షణాన్ని తొందరగా రప్పించడానికే ఉన్నాయని నా అభిప్రాయం. అంత పెద్ద పసుపు సంచీ చేతికిచ్చినప్పుడు అది ఖాళీగా ఉంటే మనకే ఏదో వెలితిగా ఉంటుంది. బండికీ ఇదే చరిత్ర. 1937లో ఓక్లహోమా సిటీలో సిల్వన్ గోల్డ్‌మన్ అనే కిరాణా వ్యాపారి చక్రాల బండిని పెడితే జనం మొదట ముట్టుకోలేదట. పిల్లల బండ్లు తోసి తోసి విసిగిపోయామని ఆడవారు, తమకు అది నామోషీ అని మగవారు పక్కకు తప్పుకుంటే, ఆయన కొందరికి డబ్బిచ్చి కొట్టులో బండ్లు తోస్తూ తిరగమని నియమించాడు. చేతిబుట్ట బరువెక్కగానే కొనడం ఆగిపోతుందన్నది ఆయన గమనించిన విషయం. ఆ బరువును చక్రాల మీదకు మార్చడమే ఆయన చేసిన పని.

అనంతపురం నుంచి వచ్చిన మా మామగారిని వెంటబెట్టుకుని వెళ్ళినప్పుడు ఆయన గదుల నమూనాలను ఓపికగా చూశారు గాని, ప్లాస్టిక్ డబ్బాలు, బుట్టలు, అరల విభాగం దగ్గర ఆగిపోయారు. "ఇదేందమ్మా, సామాన్లు పెట్టుకునేదానికి మళ్ళా సామాన్లు కొనాల్నా?" అని అడిగారు. "అవును మామయ్యా, ఎక్కువగా అమ్ముడుపోయేవి ఇవే అనుకుంటా" అన్నాను. నిజానికి ఈ కొట్టులో నాకు బాగా నచ్చిన విభాగం కూడా అదే, చిక్కు కూడా అక్కడే ఉంది. మూతలు బిగుతుగా కూర్చునే పారదర్శకమైన డబ్బాలు, మంచం కింద దూరిపోయే పెట్టెలు, గోడకు బిగించే సన్నని అరలు ధరకు తగ్గవి, కొన్ని ధరను మించినవి. అయితే ఇల్లంతా వస్తువులతో నిండిపోయిందని బాధపడేవారు ఆ బాధకు మందుగా మరికొన్ని వస్తువులు మోసుకుని బయటికి రావడం అక్కడ ఏ ఆదివారం నిలబడి చూసినా కనిపిస్తుంది.

పెద్ద కొట్టులో తక్కువ ధర ఎలా పుడుతుందో ఆలోచిస్తే ఈ చిక్కు అర్థమవుతుంది. మామూలు ఫర్నిచర్ దుకాణం చేసే పనుల్లో చాలావాటిని ఐకియా మనకు అప్పగిస్తుంది. అరల నుంచి పెట్టె దించుకోవడం, మోయడం, ఇంటికి చేర్చడం, బిగించుకోవడం మన పని. కాళ్ళు విప్పి చదునుగా సర్దిన అట్టపెట్టెల్లో బల్లలు అమ్మే పద్ధతి 1956 ప్రాంతంలో మొదలైంది, అందువల్ల రవాణాలో గాలిని మోసే ఖర్చు తగ్గింది. కాస్ట్‌కో ఇదే పని ఇంకో విధంగా చేస్తుంది. సూపర్‌సెంటర్‌లో లక్షకు పైగా రకాల సరుకులు ఉంటే కాస్ట్‌కోలో 4,000 దాటవు, కానీ ఒక్కొక్కటీ పెద్ద పెద్ద కట్టలుగానే ఇస్తారు. నెలకు సరిపడే కాగితపు చుట్టలకు బదులు అర్ధ సంవత్సరానికి సరిపడేవి కొన్నప్పుడు, మిగతా ఐదు నెలల సరుకును నిల్వ ఉంచే గిడ్డంగి మన ఇల్లే అవుతుంది, ఆ గిడ్డంగి అద్దె కట్టేది మనమే. బిల్లులో ఆ అద్దె కనిపించదు.

అమెరికాలో ఆ అద్దె చాలాకాలం నొప్పి తెలియకుండా గడిచింది, ఎందుకంటే ఇల్లు కూడా కొట్టుతో పాటు పెరిగింది. అక్కడి జనగణన శాఖ లెక్కల ప్రకారం 1973లో కొత్తగా కట్టిన విడి ఇళ్ళ మధ్యస్థ విస్తీర్ణం 1,525 చదరపు అడుగులు, 2015 నాటికి 2,467. ఇదే కాలంలో ఇంట్లో ఉండే మనుషుల సంఖ్య తగ్గింది. అయినా చాలలేదు. కాలిఫోర్నియా విశ్వవిద్యాలయపు లాస్ ఏంజెలెస్ శాఖ పరిశోధకులు ఈ శతాబ్దం మొదట్లో 32 మధ్యతరగతి కుటుంబాల ఇళ్ళను లోతుగా పరిశీలిస్తే, నాలుగింట మూడు వంతుల గ్యారేజీలలో కారు పెట్టడానికి చోటే లేదని తేలింది. ఇంట్లో పట్టనివి దాచుకోవడానికి అద్దె గదులు ఇచ్చే కేంద్రాలు ఆ దేశంలో 50,000కు పైగా ఉన్నాయి. డాలస్ దగ్గర ఫ్రిస్కోలో ఉండే మా అక్క ఇంట్లో వంటగదిలో ఒక ఫ్రిజ్, గ్యారేజీలో మరొకటి ఉన్నాయి. ఆ రెండోది లేకపోతే కాస్ట్‌కో సభ్యత్వం దండగ అని ఆమె ఎంతో మామూలుగా అంటుంది, ఆమె లెక్క ఆమె ఊరికి సరైనదే. ఆ ఫ్రిజ్ పక్కనే, ఏనాడు కొన్నదో గుర్తులేని గుడారం ఒకటి ప్లాస్టిక్ కవరు కూడా విప్పకుండా ఉంది.

ఇప్పుడు బెంగళూరు లెక్క వేద్దాం. వైట్‌ఫీల్డ్, మారతహళ్ళి వైపు మనవారు ఎక్కువగా ఉండే రెండు పడకగదుల ఫ్లాటు సూపర్ బిల్టప్ 1,200 చదరపు అడుగులు అంటే, మెట్లు, లిఫ్టు, వసారాలు తీసేశాక కాళ్ళ కింద మిగిలేది 850 అనుకుందాం. నెల అద్దె 40,000 రూపాయలైతే చదరపు అడుగుకు నెలకు సుమారు 47 రూపాయలు పడుతుంది. మూడడుగుల పొడవు, రెండడుగుల వెడల్పు ఉన్న ఒక అల్మారా ఆక్రమించే ఆరు చదరపు అడుగులకు ఏడాదికి దగ్గర దగ్గర 3,400 రూపాయల అద్దె. నాలుగేళ్ళు అదే ఇంట్లో ఉంటే 13,600. అల్మారా మీద అతికించిన ధరకు దీన్ని కలుపుకుని చూడమని నా సలహా. అందులో రోజూ కట్టుకునే బట్టలు పెట్టుకుంటే ఆ అద్దె న్యాయమే. ఎప్పుడో తక్కువకు వచ్చాయని కొన్న దుప్పట్లు పెట్టుకుంటే మాత్రం, ఆ తగ్గింపును ఇంటి యజమానికి నెలనెలా తిరిగి చెల్లిస్తున్నట్టే.

ఈ దృష్టితో చూసినప్పుడు కొట్టులోని వస్తువులు రెండు తెగలుగా విడిపోతాయి. చోటు మిగిల్చేవి, చోటు తినేవి. మడిచి గోడకు తగిలించే కుర్చీలు, ఒకదానిలో ఒకటి దూరే చిన్న బల్లలు, తలుపు వెనక కొక్కేలు, వంటగది గోడకు బిగించే కడ్డీలు, గాజు సీసాలు మొదటి తెగ. వీటిలో చాలావరకు కళ్ళు మూసుకుని కొనవచ్చు. పిల్లల బల్లలు, కుర్చీలు తేలికగా, అంచులు గుండ్రంగా ఉంటాయి, వాళ్ళు పెరిగాక ఇంకొకరికి ఇవ్వడానికీ అనువుగా ఉంటాయి. పెద్ద సోఫాలు, మూడు తలుపుల బీరువాలు రెండో తెగ. వీటిలో చాలావాటికి చెక్కపొట్టును జిగురుతో అదిమి చేసిన పలకలే లోపలి సరుకు. మనం నేలను నీళ్ళతో తుడుస్తాం, పండగలకు బకెట్లతో కడుగుతాం. పలక అడుగు అంచుకు తడి తగిలితే అది ఉబ్బుతుంది, ఒకసారి ఉబ్బితే మళ్ళీ చదును కాదు. పొట్టి కాళ్ళున్న నమూనాలు ఎంచుకుంటే ఈ బెడద తగ్గుతుంది. పదకొండు నెలల ఒప్పందాల మీద ఇళ్ళు మారే అద్దెవారు ఇంకొకటి కూడా గమనించాలి. ఇలాంటి బీరువాను విప్పి మళ్ళీ బిగించిన ప్రతిసారీ మరలు పట్టు కోల్పోతాయి. సొంత ఇల్లున్నవారికి కార్పెంటర్ చేత ప్లైవుడ్‌తో గోడ కొలతకు సరిగ్గా, అటక దాకా చేయించుకున్న అల్మారాయే మేలు, ఎందుకంటే పైన వృథాగా మిగిలే రెండడుగుల జాగా కూడా దానిలో కలిసివస్తుంది. కొట్టులో అమ్మే అల్మారాకు మన పైకప్పు ఎత్తు తెలియదు.

కొలతల తేడా ఐకియాకు కొత్తేమీ కాదు. 1985లో ఫిలడెల్ఫియా దగ్గర అమెరికాలో మొదటి కొట్టు తెరిచాక, అక్కడివారు తాగే గ్లాసులు మరీ చిన్నవిగా ఉన్నాయని పూలు పెట్టుకునే గాజు కూజాలను గ్లాసులుగా కొనుక్కుపోయారని ఒక ముచ్చట ప్రచారంలో ఉంది. మంచాలు, పరుపుల కొలతలు కూడా ఆ దేశానికి తగ్గట్టు పెద్దవి చేయవలసి వచ్చింది. భారతదేశానికి వచ్చే ముందు మాత్రం కంపెనీవారు ఎన్నో ఇళ్ళు తిరిగి చూశారు, మసాలా డబ్బాలు, ఇడ్లీ పాత్రలు, కొబ్బరిపీచు పరుపులు చేర్చారు. అది మెచ్చుకోదగిన శ్రద్ధ. పరుపు మాత్రం వేరే చోట కొనదలచినవారు మంచం కొలతను సెంటీమీటర్లలో రాసుకుని వెళ్ళడం మంచిది, అంగుళాల లెక్కతో తెచ్చిన పరుపు పక్కన వేలు దూరే సందు మిగులుతుంది.

భోజనశాల గురించి క్లుప్తంగా. ధరలు అందుబాటులో ఉన్నాయి, శాకాహారులకు తగినన్ని ఉన్నాయి, రుచి ఫరవాలేదు. ఆకలితో ఉన్న మనిషి కొనుగోలు మీద మనసు పెట్టలేడని ఈ కంపెనీ వ్యవస్థాపకుడు ఇంగ్వార్ కాంప్రాడ్ గ్రహించాడంటారు. కాస్ట్‌కో కూడా హాట్‌డాగ్, శీతల పానీయం కలిపి ఒకటిన్నర డాలరుకే 1980ల నుంచి ధర పెంచకుండా అమ్ముతోంది. చవక భోజనం పెట్టి కూర్చోబెట్టిన ప్రతి అరగంటకూ మిగిలిన దారిలో గిట్టుబాటు ఉంటుంది.

అతి ఖర్చు సంగతి కూడా చెప్పాలి. అమెరికా స్థూల దేశీయోత్పత్తిలో దాదాపు మూడింట రెండు వంతులు ప్రజలు సొంతంగా చేసే ఖర్చే. జనం కొనడం మానేస్తే దేశమే కుంటుపడుతుంది కాబట్టి, కొనిపించడం అక్కడ ఒక వ్యాపారుల నేర్పుగా మాత్రమే మిగలలేదు. 2023లో ఆ దేశవాసుల క్రెడిట్ కార్డు బాకీ లక్ష కోట్ల డాలర్లు దాటింది. మన నగరంలో ఈ జబ్బు వేరే రూపంలో ఉంది. ఇక్కడ మన చేత ఎక్కువ ఖర్చు పెట్టిస్తున్నది పెద్ద కొట్టు కాదేమో అనిపిస్తుంది. నాలుగు వీధుల అవతల షట్టరు వెనక ఉండే, కొనేవారికి తలుపే లేని చిన్న గిడ్డంగి ఫోను నొక్కగానే పది నిమిషాల్లో సరుకు పంపిస్తోంది. మా అపార్ట్‌మెంటు గేటు దగ్గర సాయంత్రం వేళ నిలబడితే, ఒకే ఫ్లాటుకు కొత్తిమీర ఒకరు, బ్యాటరీలు ఒకరు, ఐస్‌క్రీము ఇంకొకరు తెచ్చివ్వడం చూడవచ్చు. అక్కడ కొట్టు ఊరంత పెరిగి చేయించిన పనిని ఇక్కడ కొట్టు కంటికి కనిపించకుండా పోయి చేయిస్తోంది. ఈ లెక్కన చూస్తే నాగసంద్ర దూరమే దాని సుగుణం. వైట్‌ఫీల్డ్ నుంచి పర్పుల్ లైను ఎక్కి, మెజెస్టిక్‌లో గ్రీన్ లైనుకు మారి, ఊరి ఆ చివరికి వెళ్ళాలంటే ఒక పూట కేటాయించాలి. అంత ప్రయాణం పెట్టుకున్నవారు ఏమి కావాలో ఇంట్లోనే రాసుకుని బయలుదేరతారు.

అందుకే కారున్నవారు కూడా మొదటిసారి మెట్రోలోనే వెళ్ళాలని నా సూచన. రెండు చేతులకూ పట్టినంతే కొంటారు, గోల్డ్‌మన్ బండి తీసేసిన ఆ పాత బుట్ట బరువు మళ్ళీ తెలుస్తుంది. కొట్టు లోపల బండి దొరుకుతుంది గాని, అది స్టేషన్ మెట్లు ఎక్కదు కదా. పెద్ద వస్తువు మీద మనసు పడితే దాని పేరు, గిడ్డంగిలో వరుస, అర సంఖ్యలు ఫోటో తీసుకుని ఇంటికి వచ్చి, పెట్టదలచిన చోట నేల మీద పాత వార్తాపత్రికలు అదే కొలతకు పరిచి రెండు రోజులు వాటి చుట్టూ తిరిగి చూడవచ్చు. తలుపు తెరుచుకోవడానికి అడ్డం వస్తోందా, కిటికీ మూస్తోందా అన్నది అప్పుడే తెలిసిపోతుంది. అది దాటాక కూడా కావాలనిపిస్తే కంపెనీ వెబ్‌సైటులో ఆర్డరు పెట్టుకోవచ్చు. ఇంటికి చేర్చడానికి ఒక రుసుము, వచ్చి బిగించడానికి ఇంకొక రుసుము ఉంటాయి. వస్తువు ధరకు ఆ రెండూ కలిపిన మొత్తాన్నే అసలు ధరగా రాసుకుని, అదే కాగితంతో వీధి చివర కార్పెంటర్ దగ్గరకు వెళ్ళి అడగండి. చిన్న అరలకు, బల్లలకు ఐకియాయే చవక అని అతనే ఒప్పుకుంటాడు, బీరువాలు, వంటగది గూళ్ళ దగ్గరకు వచ్చేసరికి మాత్రం బేరం మొదలవుతుంది.